కూర్చునే ఆటే కదా!

అక్టోబరు మధ్యలో మోకాలిలోని ఏసీఎల్ అనే లిగమెంటుకు ఆపరేషన్ చేయించుకుని, క్రిస్మస్ వారానికల్లా మంచు మీద నడిచే స్నోమొబైల్ ఎక్కే శూరులు అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో ప్రతి ఏటా కనిపిస్తారు. మినెసోటాలో, విస్కాన్సిన్‌లో, మిషిగన్ ఎగువ భాగంలో వీళ్లకు కొదవ లేదు. వీళ్లలో ఆడవాళ్లూ ఉంటారు గానీ, ఈ విద్యలో మగవాళ్లదే పైచేయి అని ఒప్పుకోవాలి. ఎవరిని కదిపినా నోట వచ్చే మొదటి మాట ఒకటే. "ఇందులో కాళ్లకేం పని? కూర్చునే ఆటే కదా!"

మాటలో అసలు నిజం లేదనలేం. ఆ బండికి యాక్సిలరేటరు కుడిచేతి బొటనవేలి దగ్గర, బ్రేకు ఎడమచేతి వేళ్ల దగ్గర ఉంటాయి. తొక్కడానికి క్లచ్చు లేదు, తన్నడానికి గేరు లేదు. ముందు రెండు స్కీలు, అడుగున తిరిగే రబ్బరు పట్టా, పైన మెత్తటి సీటు. తయారుచేసినవాళ్లు కాళ్లకు ఏ పనీ అప్పజెప్పలేదు. సర్జను ముందు కూర్చుని మనవాడు ఈ బండి నిర్మాణ రహస్యాన్ని ఎంత ఓపిగ్గా వివరిస్తాడంటే, వింటుంటే ఇది ఫిజియోథెరపీలో భాగమేమో అనిపిస్తుంది.

ఆ తర్వాత బాట మొదలవుతుంది. వందల బళ్లు తిరిగి తిరిగి గుంతలూ దిబ్బలూ తేలిన మంచుబాట మీద సీటుకు అతుక్కుని కూర్చుంటే నడుం చెడుతుంది. అందుకని అటూ ఇటూ ఉన్న పలకల మీద లేచి నిలబడి, మోకాళ్లు కొంచెం మడిచి, వచ్చిన ప్రతి కుదుపునూ వాటితోనే మింగాలి. షాకబ్జార్బర్లు కంపెనీవి, మోకాళ్లు సొంతవి. కొండవాలు మీద అడ్డంగా పోయేటప్పుడు ఒంటి బరువంతా ఒక్క కాలి మీదికి వస్తుంది. మలుపులో బండి ఒరిగిందంటే ఆలోచన కంటే ముందు కాలు బయటికి పోతుంది. బూటు మంచులో దిగబడుతుంది. రెండొందల కిలోలు దాటిన బండి మాత్రం ఎవరి కోసమూ ఆగదు. పాదం నేలలో పాతుకుని ఉండగా పైనున్న ఒళ్లు పక్కకు తిరుగుతుంది, మధ్యలో ఉన్నది మోకాలు. ఏసీఎల్ తెంపుకోవడానికి ఇంతకంటే శ్రేష్ఠమైన పద్ధతి ప్రయోగశాలలో కూర్చుని ఆలోచించినా తట్టదు. ఇక మెత్తటి మంచులో బండి కూరుకుపోతే చుట్టూ పారతో తవ్వి, స్కీ పట్టుకుని పైకెత్తి, పక్కకు ఈడ్చాలి. ఇదంతా కూర్చోవడం కిందికే వస్తుంది. పొద్దున బయల్దేరినప్పుడు ఆయన కూర్చునే ఉన్నాడు మరి.

పార అంటే గుర్తొచ్చింది. ఇదే పెద్దమనిషి ఇంటిముందు కారు దారిలో పడిన మంచు ఎత్తమంటే ఎత్తడు. "డాక్టరు బరువులు ఎత్తొద్దన్నాడు" అంటాడు. భార్య ఎత్తుతుంది. ఆఫీసులో మెట్లెక్కలేనని వైద్యుడి చీటీ తెచ్చి ఇస్తాడు. పదేళ్ల కొడుకు చేత మంచినీళ్లు తెప్పించుకుంటాడు. శనివారం వచ్చేసరికి అదే మోకాలు అడవిలో నడుంలోతు మంచులోంచి బండిని పైకి లాగేస్తుంది. వైద్యుడి సలహా ఇంటి గేటు దాకానే చెల్లుతుంది కాబోలు.

ఆయన తొందర అర్థం కానిదేం కాదు. మినెసోటాలో స్నోమొబైల్ బాటలకు కాలం డిసెంబరు 1 నుంచి మార్చి 31 వరకు, అదీ మంచు పడితేనే. రాష్ట్రం మొత్తం మీద దాదాపు ముప్పై అయిదు వేల కిలోమీటర్ల బాట ఉంది. 2023-24 శీతాకాలంలో అక్కడ మంచు మొహం చాటేసింది. ఉత్తరాన రోసో అనే ఊరు పొలారిస్ బళ్లకు పుట్టిల్లు. థీఫ్ రివర్ ఫాల్స్ ఆర్కిటిక్ క్యాట్ సొంత ఊరు. అలాంటి గడ్డ మీద పుట్టి, కొత్త బండికి వాయిదాలు కడుతూ, కిటికీలోంచి కురుస్తున్న మంచు చూస్తూ కాలు ఎత్తి దిండు మీద పెట్టుకుని కూర్చోవడం నరకమే. నేను కాదనను. కాకపోతే మంచు ఎప్పుడు కురుస్తుందో చెప్పే వాతావరణ శాఖకూ, లిగమెంటు ఎప్పుడు అతుకుతుందో నిర్ణయించే శరీరానికీ మధ్య సంప్రదింపులేమీ జరగవు. ఈ సంగతి మనవాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినలేదు.

అసలు లోపల జరిగేదేమిటి? తెగిన ఏసీఎల్‌ను కుట్టి అతికించడం చాలామందిలో కుదరదు. అందుకని మోకాలిచిప్ప కిందినుంచో, పైనుంచో, తొడ వెనక కండరం నుంచో ఒక స్నాయువు ముక్క తీసి, తొడ ఎముకలోనూ కాలి ఎముకలోనూ సొరంగాలు తొలిచి, అందులోంచి దూర్చి, స్క్రూలో బొత్తాలో పెట్టి బిగిస్తారు. బిగించిన రోజున ఆ ముక్క గట్టిగానే ఉంటుంది. కానీ దానికి రక్త ప్రసారం ఉండదు. శరీరం దాన్ని ముందు మెత్తబరుస్తుంది, లోపలి కణాలు చనిపోతాయి, కొత్తవి మెల్లగా వచ్చి చేరతాయి, తర్వాతే తిరిగి కట్టుకొస్తుంది. ఈ తంతుకు నెలలు పడుతుంది. ఇందులో ముక్క బాగా బలహీనంగా ఉండేది సుమారు ఆరో వారం నుంచి పన్నెండో వారం దాకా. సరిగ్గా ఆ రోజుల్లోనే వాపు దిగుతుంది, నొప్పి పోతుంది, చంకకర్రలు గరాజులోకి వెళ్తాయి, మనిషికి హుషారొస్తుంది. అక్టోబరు మధ్య నుంచి క్రిస్మస్‌కు పది వారాలు. స్లాబు పైకి గట్టిపడినట్టుందని వారం తిరక్కుండా సెంట్రింగు ఊడబీకే మేస్త్రీకి మనం ఇల్లు కట్టే పని ఇవ్వం. ఈయన తన కాలికి తనే మేస్త్రీ, తనే యజమాని, కాబట్టి అడిగేవాడు లేడు.

"నొప్పి లేదండీ" అన్నది ఆయన దగ్గరున్న రెండో బ్రహ్మాస్త్రం. కొత్తగా పెట్టిన ముక్కకు నొప్పిని సరిగ్గా కబురు పెట్టే నరాల వ్యవస్థ ఇంకా కుదురుకోలేదు. అది ఫిర్యాదు చేయదు. తెగేటప్పుడు టప్‌మని ఒకసారి చప్పుడు చేస్తుంది, అంతే. పైగా ఆపరేషన్ తర్వాత తొడ ముందు కండరం ముడుచుకుని, మెదడు రమ్మన్నా రానని మొండికేస్తుంది. దాన్ని బుజ్జగించడానికే ఫిజియోథెరపిస్టు మంచం మీద పడుకోబెట్టి, కాలు నిటారుగా ఎత్తమనీ, మడమ జరపమనీ వందసార్లు చేయిస్తుంది. అది పిల్లల ఆటలా ఉందని మనవాడికి చిన్నచూపు.

మూడో అస్త్రం పేరు ఏడ్రియన్ పీటర్సన్. అప్పట్లో మినెసోటా వైకింగ్స్ ఫుట్‌బాల్ జట్టు ఆటగాడు. 2011 డిసెంబరు 24న మోకాలు పోగొట్టుకున్నాడు, 2012 సెప్టెంబరులో మైదానంలో దిగాడు, ఆ సీజన్‌లో 2,097 గజాలు పరుగెత్తి లీగ్ రికార్డుకు ఎనిమిది గజాల దూరంలో ఆగాడు. ఆ రాష్ట్రంలో మోకాలి ఆపరేషన్ అయిన ప్రతి మగవాడూ ఆనాటినుంచీ ఆయనకు సొంత తమ్ముడే. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టేవాళ్లను చూశాం. మోకాలికీ మోకాలికీ ముడిపెట్టేవాళ్లు అంతకంటే ప్రమాదకరం. పీటర్సన్ అప్పటికి ఇరవయ్యేళ్లు దాటిన కుర్రాడు, అమెరికా ఫుట్‌బాల్‌లోనే మేటి శరీరం, చుట్టూ ఒక వైద్య సైన్యం. అంతటివాడికీ ఎనిమిది నెలలు దాటింది. మనవాడికి యాభై రెండేళ్లు, బీరు బొజ్జ, పది వారాలు. పేరు మాత్రం పీటర్సన్‌ది.

లిండ్సే వాన్ పేరు ఎవరూ ఎత్తరు, గమనించారా? 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో డౌన్‌హిల్ స్వర్ణం గెలిచిన మనిషి. 2013 ఫిబ్రవరిలో ఆస్ట్రియాలోని ష్లాడ్‌మింగ్‌లో పడి మోకాలు చితికింది. అదే నవంబరులో కొలరాడోలో సాధన చేస్తుంటే పడి, కొత్తగా పెట్టిన లిగమెంటు కొంత తెగింది. డిసెంబరులో ఫ్రాన్స్‌లో పోటీ మధ్యలో అదే మోకాలు మళ్లీ పట్టుతప్పింది. 2014 సోచీ ఒలింపిక్స్ పోయాయి. మన క్రికెట్ అభిమానులకు చెప్పాలంటే, 2022 డిసెంబరు 30న కారు ప్రమాదంలో మోకాలి లిగమెంట్లు పోగొట్టుకున్న రిషభ్ పంత్ 2024 మార్చిలో గానీ ఐపీఎల్‌లో కనిపించలేదు. ఇలాంటి కథలు బాటపక్క బార్లలో చెప్పుకోవడానికి పనికిరావు. ఆ బాటలన్నీ ఒక బారు నుంచి ఇంకో బారుకే కదా వెళ్లేది.

"నెమ్మదిగానే వెళ్తాలే" అంటాడు భార్యతో. మినెసోటాలో ఈ బళ్లకు చట్టం పెట్టిన వేగ పరిమితి గంటకు 50 మైళ్లు, అంటే ఎనభై కిలోమీటర్లు. ముందు పోతున్న మిత్రబృందం కనుమరుగయ్యాక నెమ్మది అనే మాట ఎంతసేపు నిలుస్తుందో ఊహించుకోండి. "బ్రేస్ పెట్టుకుంటాలే" అనేది దాని చెల్లెలు. ఆపరేషన్ అయిన మోకాలు మళ్లీ తెగకుండా బ్రేస్ కాపాడుతుందా అన్న విషయంలో అధ్యయనాలే ఒక మాట మీద లేవు. అది ఖాయంగా కాపాడేది మనోధైర్యాన్ని. ఈయన దగ్గర అవసరానికి మించి ఉన్నదల్లా అదే.

ఓస్లో, డెలావేర్ పరిశోధకులు కలిసి 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఫుట్‌బాల్, హ్యాండ్‌బాల్ లాంటి ఆటల్లోకి తిరిగి రావడాన్ని తొమ్మిదో నెల దాకా వాయిదా వేసిన ప్రతి నెలకూ మళ్లీ గాయపడే రేటు 51 శాతం తగ్గిందని తేల్చారు. ఆటకు ముందు పెట్టే పరీక్షలు నెగ్గినవాళ్లలో మళ్లీ మోకాలు దెబ్బతిన్నవాళ్లు 5.6 శాతం. నెగ్గకుండానే దిగినవాళ్లలో 38.2 శాతం. పరీక్షలంటే బ్రహ్మవిద్య కాదు. ఒంటికాలి మీద గెంతాలి, తొడ బలం కొలిపించుకోవాలి, ఆపరేషన్ అయిన కాలు బాగున్న కాలిలో కనీసం 90 శాతం ఉండాలి. మనవాడికి ఈ కాగితం చూపిస్తే రెండు నిమిషాలు శ్రద్ధగా చదివి, "ఇందులో స్నోమొబైల్ లేదే" అంటాడు. నిజమే, లేదు. అతను చదివి గుర్తుపెట్టుకున్న ఒకే ఒక్క పరిశోధనా ఫలితం అదే.

ఇంతకంటే వింత మెనిస్కస్ బేరం. మోకాలి కీలులో దిండులా ఉండే ఆ మెత్తటి మృదులాస్థి చిరిగితే, చిరిగినంత మేర కత్తిరించి పారేయొచ్చు, కుదిరితే కుట్టొచ్చు. కత్తిరిస్తే కొన్ని వారాల్లో లేచి తిరగొచ్చు. కుడితే నాలుగు నుంచి ఆరు నెలలు ఆగాలి. కుట్టించుకుంటే దిండు మిగులుతుంది, కత్తిరిస్తే ఎముకలు ఒకదాన్నొకటి రాసుకునే రోజు తొందరగా వస్తుంది. ఈ మాట చెప్పగానే "అయితే కోసిపారేయండి డాక్టర్, సీజన్ వచ్చేస్తోంది" అనే రోగి ఉన్నాడు. ముప్పై ఏళ్ల మోకాలిని మూడు నెలల మంచుకు తాకట్టు పెట్టి, లాభం తనకే వచ్చిందనుకుంటాడు. పైగా తన మెనిస్కస్ ఆరు వారాల్లో నయమైందని పక్కింటి ఏసీఎల్‌కు ధైర్యం నూరిపోస్తాడు. వాళ్ల దృష్టిలో మోకాలి ఆపరేషన్ అంటే మోకాలి ఆపరేషనే, అందులో రకాలుండవు.

మోకాలి కీళ్లే మార్పించుకున్న పెద్దవాళ్ల సంగతి పొడుగ్గా చెప్పను. లోహపు కీలుకు నొప్పి తెలియదు. పడితే విరిగేది దాని చుట్టూ ఉన్న ఎముక, దాన్ని మళ్లీ సరిచేయడం సర్జన్లకే చెమటలు పట్టించే పని. నవ్వకండి, మన దగ్గర మంచు లేకపోయినా మోకాళ్లు మార్పించుకుని రెండు నెలలు కాకముందే అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కుతానని మొక్కుకునే మామయ్యలున్నారు. వాళ్లకు కనీసం పైన దేవుడి పూచీ ఉంది.

అసలు స్నోమొబైల్ పుట్టుక గురించి మనవాడి మిత్రబృందంలో ఎంతమందికి తెలుసో గానీ, అది వ్యంగ్యానికి అందే కథ కాదు. కెనడాలోని క్యుబెక్‌లో వాల్కూర్ అనే ఊరు. 1934 శీతాకాలంలో జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే అనే మెకానిక్ రెండేళ్ల కొడుకు జబ్బుపడ్డాడు. దారులన్నీ మంచుతో మూసుకుపోయి ఆస్పత్రికి చేర్చే మార్గం లేక పిల్లవాడు చనిపోయాడు. మంచు మీద నడిచే బండి కోసం అప్పటికే తంటాలు పడుతున్న ఆ తండ్రి ఆ తర్వాత పట్టుబట్టి సాధించాడు. ఆయన మొదటి పెద్ద బళ్లు శీతాకాలంలో రోగులనూ, వైద్యులనూ, బడిపిల్లలనూ చేరవేశాయి. 1959లో వచ్చిన చిన్నబండి స్కీ-డూతో అది వినోదమైంది. ఆస్పత్రికి చేర్చడమనే పాత బాధ్యతను మాత్రం నేటికీ మానలేదు. రోగిని తయారుచేసే పని కూడా తనే చూసుకుంటోంది, అంతే తేడా.

ఇక ఏసీఎల్ రెండోసారి తెగితే సర్జను మళ్లీ ముక్క వెతకాలి. మొదటి కాలిలో తీయగలిగింది తీసేశారు కనుక, చాలాసార్లు బాగున్న రెండో కాలి మీద చెయ్యేస్తారు. అప్పుడు రెండు మోకాళ్లకూ గాట్లు, రెండు తొడలూ సన్నబడతాయి. ఇందులో మనవాడు వెతికి పట్టుకున్న లాభం ఒకటుంది. పరీక్షలో చూసేది ఒక కాలితో పోలిస్తే ఇంకో కాలు ఎంత అన్నదే కదా, అప్పుడు రెండూ సమానంగా నీరసపడతాయి గనుక ఈసారి 90 శాతం సునాయాసంగా దాటేస్తానని ఇప్పటినుంచే లెక్కలేస్తున్నాడు. రెండో ఆపరేషన్ తేదీ కూడా ఖాయం చేసుకున్నాడట, అక్టోబరు మధ్యలో.