గణితానికి అడ్డొచ్చిన దారం

2025 ఏప్రిల్ 17న బీదర్‌లో సీఈటీ (కర్ణాటక ఉమ్మడి ప్రవేశ పరీక్ష) గేటు దగ్గర నిలబడి, జంధ్యం తీయనన్న కుర్రాడిని గణితం పరీక్ష రాయనివ్వని తనిఖీ సిబ్బందిని లోకమంతా తిట్టింది. నాకు మాత్రం వాళ్ళ మీద కాస్త గౌరవమే కలిగింది. సకల గణితమూ వేదాల్లోనే ఉందని వేదికలెక్కి చెప్పేవాళ్ళు ఈ దేశంలో వేలమంది. ఆ మాటను అక్షరాలా నమ్మి, జంధ్యం వేసుకున్న కుర్రాడు అందులోంచి సూత్రాలు లాగి జవాబులు దించేస్తాడని ముందుజాగ్రత్త పడ్డవాళ్ళు వీళ్ళొక్కరే. అదే జంధ్యం భౌతికశాస్త్రం పరీక్ష రాసింది, రసాయనశాస్త్రం పరీక్ష కూడా రాసింది. అప్పుడెవరికీ ప్రమాదం తోచలేదు. గణితం దగ్గరికొచ్చేసరికి ఆ నూలుపోగులు అనుమానాస్పద వస్తువైపోయాయి. శివమొగ్గలోనూ ఇదే సీఈటీకి ఇదే శాస్త్రీయ సందేహం పుట్టిందంటే, ఇది ఒక గేటు దగ్గర ఒకరికి పుట్టిన తిక్క కాదు, రాష్ట్రవ్యాప్త పరిశోధన అన్నమాట. కర్ణాటక పరీక్షల ప్రాధికార సంస్థ అప్పటి నిబంధనల్లో జంధ్యం ఊసే లేదు. లేని నిబంధనను అమలు చేయడంలో మన సిబ్బంది చూపించే నిష్ఠను ఉన్న నిబంధనల మీద చూపిస్తే, ఈ దేశంలో ప్రశ్నపత్రం ఒక్కటీ బయటికి పొక్కదు.

దారం సంగతి ఇంకొంచెం తేల్చాలి. ముడిలో సిమ్ కార్డు దాస్తాడనా? పోగుల మధ్య మైక్రోఫోన్ పేనుతాడనా? మరి మొలతాడు మాటేమిటి? అది కనిపించదు గనక అది సురక్షితం కాబోలు. చొక్కా గుండీలకు కుట్టిన దారం, చెప్పుల అడుగున వేసిన దారం, హాల్ టికెట్ల కట్టకు చుట్టిన పురికొస, వీటి మీద దర్యాప్తు జరగాలి కదా. బీదర్ ఉన్న కల్యాణ కర్ణాటకలోనే, కలబురగి, యాదగిరి జిల్లాల్లో, 2023 అక్టోబరులో ఇదే సంస్థ జరిపిన ఉద్యోగ పరీక్షల్లో బ్లూటూత్ పరికరాలతో కాపీ కొట్టినవాళ్ళు పట్టుబడ్డారు. వాళ్ళకు దారం అవసరమే పడలేదు. పరికరం వాళ్ళది, పథకం ముఠాలది. దానికి ప్రభుత్వం కనిపెట్టిన మందు ఏమిటంటే, నవంబరు పరీక్షలకు తల, నోరు, చెవులు కప్పే దుస్తులేవీ కుదరవని ఆజ్ఞ. అదే నెలలో కలబురగిలో ఒక పరీక్షకు మంగళసూత్రాలు, మెట్టెలు తీయించారని గగ్గోలు లేచింది. వెంటనే ఆ రెంటికీ మినహాయింపు దొరికింది. బ్లూటూత్ పరికరం మెడలోని బంగారు గొలుసును చూసి భక్తితో వెనక్కి తగ్గుతుందని దీని భావం. ఎవరి కోసం గగ్గోలు లేస్తుందో వాళ్ళకు మినహాయింపు, లేవనివాళ్ళకు నిబంధన. ఏ వస్తువులో ఏం దాచవచ్చన్నది ఇక్కడ లెక్కలోకే రాలేదు.

ఆ కుర్రాడికి జరిగింది అన్యాయం. ఇందులో రెండో మాట లేదు. ఈ మాట అనడానికి పెద్ద ధైర్యం కూడా అక్కర్లేదు, ఎందుకంటే నాలుగు రోజులు తిరక్కుండానే ప్రిన్సిపాల్ సస్పెండయ్యాడు, మంత్రి ఖండించాడు, మళ్ళీ పరీక్ష పెట్టడమో సగటు మార్కులు వేయడమో చేస్తామని ప్రభుత్వం ముందుకొచ్చింది. నన్ను కుదిపింది ఆ తరువాతి ముచ్చట. రాజ్యాంగం 25వ అధికరణం మీద బీజేపీ నాయకులకు ఒక్కసారిగా పుట్టుకొచ్చిన ప్రేమ అది. మత విశ్వాసం వ్యక్తి ప్రాథమిక హక్కట. ఒంటి మీది మతచిహ్నం తీయమనడం అవమానమట. చదువుకూ విశ్వాసానికీ మధ్య ఒకటి తేల్చుకోమని ఒక విద్యార్థిని గేటు దగ్గర నిలబెట్టడం క్రూరత్వమట. అక్షరం అక్షరం నిజం. ఈ వాక్యాలన్నీ ఇంతకుముందే ఇదే రాష్ట్రంలో వినబడ్డాయి. అన్నవాళ్ళు హిజాబ్ వేసుకున్న ఉడుపి ఆడపిల్లలు. విననివాళ్ళు ఈ నాయకులే.

2022 ఫిబ్రవరి 5న బసవరాజ్ బొమ్మై బీజేపీ ప్రభుత్వం కళాశాలలకు ఇచ్చిన ఉత్తర్వు సమానత్వానికి, సమగ్రతకు, శాంతిభద్రతలకు భంగం కలిగించే దుస్తులు వేసుకోరాదంది. పదహారు, పదిహేడేళ్ళ పిల్లల తల మీది గుడ్డ రాష్ట్ర శాంతిభద్రతల సమస్య. ఆ గుడ్డకు పోటీగా కాషాయ శాలువాలు పంచి, కళాశాల గేట్ల ముందు కేకలు వేయించిన పెద్దమనుషులు మాత్రం శాంతిదూతలు. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఉడుపిలో ఇద్దరమ్మాయిలు పీయూసీ పరీక్ష రాయకుండానే కేంద్రం నుంచి వెనుదిరిగారు. ఏప్రిల్ నెల, పరీక్ష కేంద్రం, విశ్వాసమా చదువా అన్న అదే ప్రశ్న. వాళ్ళ కోసం ఏ ప్రిన్సిపాలూ సస్పెండ్ కాలేదు. సగటు మార్కులు వేస్తామని ఎవరూ అనలేదు. పరామర్శకు వెళ్ళినవాళ్ళ వరసలో నేటి వీరులెవరూ కనిపించలేదు. పైగా మొండితనమన్నారు, కుట్రన్నారు. ఇక్కడ నాకు వ్యంగ్యం రాదు. అది సిగ్గుమాలినతనం. ఒక పిల్లవాడి కన్నీళ్ళు ధర్మానికి గ్లాని, ఒక పిల్ల కన్నీళ్ళు ధర్మానికి గెలుపు అని లెక్కగట్టేవాళ్ళకు ధర్మం అన్న మాట ఎత్తే అర్హత లేదు. బీదర్ బిడ్డ మీద వాళ్ళకున్నది ప్రేమ కాదు; వాళ్ళకు అతనొక ఎన్నికల దినుసు.

రెండూ ఒకటెలా అవుతాయని అడుగుతారు. తరగతి గదికి యూనిఫాం ఉంది, సీఈటీకి లేదు; హిజాబ్ పైకి కనిపిస్తుంది, జంధ్యం చొక్కా కింద ఉంటుంది. తేడా ఉంది, ఒప్పుకుంటాను. తేడా ఉన్నంత మాత్రాన సూత్రం మారదు. యూనిఫాం ఉద్దేశం ధనిక, పేద తేడా బట్టల్లో కనబడకుండా చూడడం. అదే రంగు గుడ్డ తల మీద ఇంకో మూర ఉంటే ఆ ఉద్దేశం ఎక్కడ చెడుతుంది? పైకి కనిపించకపోతేనే హక్కు అంటే, సిక్కు తలపాగా మాటేమిటి? బీదర్‌లో నానక్ ఝీరా గురుద్వారా ఉంది. గురు గోవింద్ సింగ్ ఎంచుకున్న మొదటి ఐదుగురిలో ఒకరైన సాహిబ్ సింగ్ బీదర్ మంగలి అని సిక్కుల చరిత్ర. కృపాణం ధరించడం సిక్కు మతాచరణలో భాగమని 25వ అధికరణం వివరణలోనే రాసి ఉంది. వైద్య ప్రవేశ పరీక్షకు కడియం, కృపాణంతో వచ్చే సిక్కు అభ్యర్థులను ముందుగా రప్పించి, తనిఖీ చేసి, లోపలికి పంపమని 2018లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. చూడండి, సమస్యకు పరిష్కారం అంత చిన్నది. ముందుగా రమ్మను, ఆడపిల్లను ఆడమనిషితో చాటుగా చూడమను, చెవిలో ఏమీ లేదని తేలాక పంపించు. కత్తికి కుదిరిన ఏర్పాటు గుడ్డకు, దారానికి కుదరదని ఎవరైనా నిరూపిస్తే వినడానికి సిద్ధం.

హైకోర్టు తీర్పు ఇచ్చింది కదా అంటారు, ఇదే వాళ్ళకు బ్రహ్మాస్త్రం. 2022 మార్చి 15న కర్ణాటక హైకోర్టు హిజాబ్ ఇస్లాంలో తప్పనిసరి ఆచారం కాదంది. అక్టోబరు 13న సుప్రీంకోర్టు ధర్మాసనంలోని ఇద్దరు న్యాయమూర్తులూ రెండు వైపులా చీలారు. జస్టిస్ ధూలియా ఇది చివరికి ఆ పిల్ల ఎంపికకు సంబంధించిన విషయమన్నారు. ‘తప్పనిసరి ఆచారం’ అన్న ఈ కొలబద్ద 1954లో ఉడుపి అష్టమఠాల్లో ఒకటైన శిరూరు మఠం కేసులో పుట్టింది. ఏది తప్పనిసరో ఆ మతమే చెప్పాలన్నది అప్పటి ఉద్దేశం. తరువాత్తరువాత న్యాయమూర్తులే పౌరోహిత్యం పుచ్చుకున్నారు. ఆ తీర్పుకు చప్పట్లు కొట్టినవాళ్ళు ఒక్క క్షణం అదే కొలబద్ద జంధ్యానికి పెట్టి చూడాలి. హిందువుల్లో అత్యధికులకు జంధ్యం లేదు. ఆడవాళ్ళలో దాదాపు ఎవరికీ లేదు. అది లేకుండా కోట్లమంది నిక్షేపంగా హిందువులుగా పుట్టి, బతికి, పోతున్నారు. కనుక హిందూ మతానికి అది తప్పనిసరి కాదు, తీసి డబ్బాలో వేయండి అని ఒక న్యాయమూర్తి రాస్తే ఏం జవాబు చెబుతారు? మా శాఖకు, మా ఇంటికి, మాకు అది తప్పనిసరి అంటారు. సరిగ్గా ఆ అమ్మాయిలు అన్నదీ అదే.

ఈ జబ్బు కర్ణాటక సొత్తు అనుకోనక్కర్లేదు. 2022 అక్టోబరులో ఆదిలాబాద్‌లో గ్రూప్-1 పరీక్షకు మంగళసూత్రాలు తీయించారన్న వీడియో పక్కన బుర్ఖాలో లోపలికి వెళ్ళనిచ్చారన్న వీడియో అతికించి ఊరేగించారు. మరుసటి ఏడాది హైదరాబాద్ సంతోష్‌నగర్‌లో ఒక మహిళా కళాశాల దగ్గర బుర్ఖాలు తీయించారు. అప్పటి తెలంగాణ హోంమంత్రి మహమూద్ అలీ, ఇష్టమైనవి వేసుకోవచ్చంటూనే, ఆడవాళ్ళు పొట్టి బట్టలు వేసుకుంటే చిక్కులొస్తాయని ఒక ఉపదేశం కూడా కలిపి వడ్డించారు. హక్కును కాపాడబోయి ఇంకో హక్కును తొక్కడం అంటే అదే.

ఇక మా అభ్యుదయ మిత్రుల సంగతి. జంధ్యం అంటే కులాధిక్య చిహ్నం, దాన్ని తీయమంటే ఏడుస్తారేమిటి అని వాళ్ళ వెటకారం. కులాన్ని కాదన్న శరణుల సభ, అనుభవ మంటపం, కల్యాణంలో నడిచిన బీదర్ జిల్లాలో ఈ ప్రశ్న రావడం సహజమే. బసవేశ్వరుడు చిన్ననాడే ఉపనయనం వద్దన్నాడన్న కథను పదమూడో శతాబ్దంలో తెలుగులో రాసిపెట్టినవాడు మన పాల్కురికి సోమనాథుడే. ఆ తిరస్కారం ఎంత గొప్పదో చెప్పనక్కర్లేదు. హరళయ్య కొడుక్కీ మధువరసు కూతురికీ జరిగిన పెళ్ళికి, అంటే చెప్పులు కుట్టే ఇంటికీ బ్రాహ్మణ ఇంటికీ కలిసిన వియ్యానికి, తండ్రులిద్దరూ ప్రాణాలిచ్చిన ఊరు ఆ కల్యాణం. కానీ మిత్రులు ఒకటి మరిచారు. బసవడు వద్దన్నాడు. ఎవరో గేటు దగ్గర నిలబెట్టి, ఇది తీస్తేనే లోపలికి అంటే తీయలేదు. వద్దనుకునే స్వేచ్ఛకు విలువ ఉండేది కావాలనుకునే స్వేచ్ఛ పక్కన ఉన్నప్పుడే. కులాన్ని కూల్చాలంటే చట్టాలున్నాయి, చదువుంది, కులాంతర వివాహాలున్నాయి. హోంగార్డు చేతి కత్తెరతో కుల నిర్మూలన జరుగుతుందని అంబేడ్కర్ ఎక్కడా రాయలేదు. ప్రభుత్వం చేతికి ఆ కత్తెర ఇస్తే అది మొదట ఎవరి తల వైపు వెళుతుందో 2022లో చూశాం. 2020లో ఇదే బీదర్‌లో పౌరసత్వ చట్టం మీద బడి పిల్లలు వేసిన నాటకానికి రాజద్రోహం కేసు పెట్టి, పోలీసులు బడికి వచ్చి చిన్నపిల్లలను ప్రశ్నించినప్పుడూ చూశాం. ఆ కేసును హైకోర్టు కొట్టేయడానికి 2023 దాకా పట్టింది.

ఆ 2025 ఏప్రిల్ 30నే బసవ జయంతి. కర్ణాటక సాంస్కృతిక నాయకుడని 2024 జనవరిలో బసవేశ్వరుణ్ణి ప్రకటించిన కాంగ్రెసు ప్రభుత్వం గజమాలలు సిద్ధం చేసుకునే ఉంటుంది. జంధ్యం విషయంలో ఇంత చురుగ్గా కదిలిన ఈ ప్రభుత్వం హిజాబ్ ఉత్తర్వు దగ్గర ఏం చేసిందో కూడా చెప్పుకోవాలి. 2023 డిసెంబరు 22న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య, ఎవరి బట్టలు వాళ్ళ ఇష్టం, ఉత్తర్వు వెనక్కి తీసుకుంటామని ఒక బహిరంగ సభలో అన్నారు. మర్నాడే, ఆలోచిస్తున్నాం అన్నారు. ఒక ప్రిన్సిపాల్‌ను ఇంటికి పంపడానికి నాలుగు రోజులు చాలలేదా? ఒక కాగితం వెనక్కి తీసుకోవడానికి మాత్రం అప్పటికి పదహారు నెలలుగా ఆలోచిస్తూనే ఉన్నారు.