ఆవు ఇస్తాం, మేత మీ ఇష్టం

గడ్డికి రిబ్బను కట్టడం కష్టం. మన పాడి పథకాలన్నీ ఆవుతో మొదలై ఆవు దగ్గరే ఎందుకు ఆగిపోతాయో తెలుసుకోవడానికి ఇంతకు మించిన పరిశోధన అక్కర్లేదు. ఆవుకు మెడ ఉంది, దండ వేయొచ్చు. నుదురు ఉంది, బొట్టు పెట్టొచ్చు. పలుపు ఉంది, ఒక కొస నాయకుడూ రెండో కొస లబ్ధిదారూ పట్టుకుని నిలబడితే ఫొటోలో మధ్యన ఆవు చక్కగా ఇముడుతుంది. జొన్నచొప్ప మోపుతో ఈ సదుపాయాలేవీ లేవు. పశువుల నీళ్లతొట్టి పక్కన నిలబడి పేపరుకెక్కిన నాయకుడు నాకు తెలిసి ఇంకా పుట్టలేదు.

అనంతపురం దిక్కు సంగతే చూద్దాం. ఏడాదికి సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల దగ్గర. సగటు అంటే తెలుసుగా, ఒక ఏడు చెరువు తెగి, మరో రెండేళ్లు చినుకు రాలకపోయినా లెక్క సరిపోతుంది. ఇలాంటి నేలలో రైతు తరతరాలుగా వేరుశనగ విత్తుతూ వచ్చాడు. కాయ దక్కితే అప్పుకు, దక్కకపోతే కట్టె అయినా గొడ్డుకు. ఆ కట్టె తిని, పగలంతా గుట్టల వెంట తిరిగి వచ్చిన ఆవు సాయంత్రం రెండు లీటర్లో మూడు లీటర్లో ఇచ్చేది. పంట బ్యాంకుది, పాలు ఇంటివి. పిల్లల పుస్తకాలు, ముసలాయన మాత్రలు, శనివారం సంత, అన్నీ ఆ పాలలోంచే. ఈ ఏర్పాటుకు పేరు లేదు, లోగో లేదు, టోల్‌ఫ్రీ నంబరు లేదు. కాబట్టి ప్రభుత్వ రికార్డుల్లో దీన్ని వెనకబాటుతనం కింద రాసుకున్నారు.

అభివృద్ధి నల్లమచ్చల రూపంలో వచ్చింది. హెచ్‌ఎఫ్ ఆవు. దాని పుట్టిల్లు హాలెండు. సముద్ర మట్టానికి కింద కూడా పచ్చిక మొలిచే దేశం. మే నెలలో 42 డిగ్రీల ఎండలో అనంతపురం కొట్టంలో కట్టేస్తే అది నాలుక బయటపెట్టి ఎగశ్వాస తీస్తుంది. దానికీ మందు ఉంది. ఫ్యాన్లు బిగించండి, తుంపర్లు చల్లండి అని కరపత్రం వేశారు. కరపత్రం చదివే ఇంటావిడకు ఫ్యాను లేదు, ఉన్నా కరెంటు లేదు. అయినా చదివింది పాపం, రంగుల బొమ్మలు బాగున్నాయని.

ఈ ఆవు పది లీటర్లు ఇస్తుందని ప్రాజెక్టు రిపోర్టు. ఇస్తుంది, అబద్ధమేమీ కాదు. ఒంటి పోషణకు కిలోన్నర దాణా, ఆపైన ప్రతి రెండున్నర లీటర్ల పాలకు ఇంకో కిలో, వెరసి రోజుకు ఐదున్నర కిలోలు పెడితే ఇస్తుంది. పచ్చిగడ్డి పాతిక ముప్పై కిలోలు వేస్తే ఇస్తుంది. ఎండుగడ్డి ఐదారు కిలోలు, ఎండాకాలంలో తాగడానికీ కడగడానికీ కలిపి వంద లీటర్ల దాకా నీళ్లు. పశువైద్యులు ఈ లెక్క ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నారు. రిపోర్టు రాసేవాళ్లు దాన్ని ఒక్క ముక్కలో తేల్చేస్తారు: ‘మేత స్థానికంగా లభ్యం’. ఈ మూడు మాటలు రాసినాయన్ను ఆ మేతతో వారం రోజులు పోషించాలని నా చిన్న కోరిక.

మేతను ప్రభుత్వం మరిచిపోయిందంటే మాత్రం పాపం తగులుతుంది. అందుకోసం అవగాహన సదస్సు ఉంది. పది గంటలకని పిలిచి, ముఖ్య అతిథి కోసం పన్నెండుకు మొదలుపెట్టే సదస్సు. తెల్లవారుజామున లేచి పేడ ఎత్తి, పాలు పితికి, కేంద్రానికి పోసి, కుడితి పెట్టి వచ్చిన ఆడవాళ్లు వెనక నిలబడతారు. ఆవు పొదుగు ఎటువైపు ఉంటుందో తెలియని మగవాళ్లు ముందు కుర్చీల్లో కూర్చుంటారు. తెర మీద స్లైడ్లు.

మొదటి స్లైడు అజొల్లా. గుంత తవ్వి, పట్టా పరిచి, అరజానెడు లోతున నీళ్లు నిలిపి పెంచాల్సిన నీటి మొక్క ఇది. నీళ్లు తగ్గకూడదు, నీడ ఉండాలి, ఎండ ముదిరితే చస్తుంది. అంటే కరువు లేని రోజుల్లో కరువును అద్భుతంగా తట్టుకుంటుంది. ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టిన ఊరికి దీన్ని మోసుకొచ్చినవారి ధైర్యానికి జోహారు.

రెండో స్లైడు హైడ్రోపోనిక్స్. నేల అక్కర్లేదు, ట్రేలలో మొక్కజొన్న గింజలు పోసి తడుపుతూ ఉంటే వారం పది రోజుల్లో కిలో గింజలు ఏడెనిమిది కిలోల పచ్చి మేతవుతాయి. చప్పట్లు. ఆ మేతను ఎండబెట్టి తూస్తే మొదట పోసిన గింజల కన్నా ఒకింత తక్కువే తూగుతుందని మాత్రం స్లైడులో ఉండదు. మొలకెత్తడానికి గింజ తన పిండిని తానే ఖర్చు చేసుకుంటుంది. పెరిగిన బరువంతా నీళ్లది. పాలల్లో నీళ్లు కలిపితే కల్తీ, మేతలో కలిపితే టెక్నాలజీ.

మూడోది నిజంగా మంచి సలహా. వంద కిలోల వరిగడ్డికి నాలుగు కిలోల యూరియా నీళ్లలో కరిగించి చల్లి, గాలి చొరకుండా కప్పి మూడు వారాలు మాగనిస్తే గడ్డి మెత్తబడుతుంది, పశువు ఇష్టంగా తింటుంది, మాంసకృత్తులు పెరుగుతాయి. వరిగడ్డి ఉన్నవాళ్లకు చాలా పనికొస్తుంది. ఇక్కడ వరిగడ్డి లారీల్లో పొరుగు జిల్లాల నుంచి వస్తుంది, లారీ బాడుగ కూడా గడ్డి ధరలోనే ఉంటుంది.

అప్పుడు వెనక నుంచి ఒకావిడ అడిగింది: “సార్, ఇదంతా బాగుండాది గానీ, ఆ నీళ్లేవో మాకుంటే మేం గడ్డే ఏసుకుంటాం గదా?”

“మంచి ప్రశ్నమ్మా” అన్నారు సారు. “తర్వాతి స్లైడుకు వెళ్దాం.”

గడ్డికి అసలు డబ్బే కేటాయించలేదనడం కూడా అన్యాయం. బిహార్‌లో దండిగా కేటాయించారు. 1996లో చాయిబాసా ఖజానా కాగితాలు బయటపడ్డాక తెలిసిందేమిటంటే, అక్కడ పశువులకు బదులు మనుషులే గడ్డి తిన్నారు. పశువులను, దాణాను తరలించినట్టు బిల్లులు పెట్టిన వాహనాల నంబర్లు వెతికితే కొన్ని స్కూటర్లుగా తేలాయి. స్కూటరు మీద ఎద్దు ఎలా కూర్చుంటుందని ఆడిటర్లు ఆశ్చర్యపోయారు. నాకేం ఆశ్చర్యం కలగలేదు. కాగితం మీద ఉన్న ఎద్దుకు కాగితం మీద ఉన్న స్కూటరు చాలు.

ఒడిశాలోని కొమ్నా ముచ్చట ఇంతకన్నా గొప్పది. మన పాలగుమ్మి సాయినాథ్ కరువు మీద రాసిన పుస్తకంలో ముందే దర్శనమిస్తుంది. అప్పటి కలహండిలో, ఇప్పటి నువాపడా జిల్లాలో, 1978లో ఒక పథకం పెట్టారు. పేదలకు ఆవులిచ్చారు. వాటికి పుణె నుంచి తెప్పించిన జెర్సీ వీర్యం ఎక్కించారు. మేతకు సుబాబుల్ నాటించారు. నాటు ఎద్దులు జాతిని చెడగొడతాయని ఊళ్లకు ఊళ్లు తిరిగి వాటికి విత్తు కొట్టించారు. కోట్లలో ఖర్చయింది. రెండేళ్లకు చూస్తే సంకర దూడలు ఎనిమిది, అదనంగా వచ్చిన పాలు సున్నా. సుబాబుల్ చెట్లు ఉండాల్సిన చోట లేవు. ఆ ప్రాంతపు నాటు ఎద్దు మాత్రం దాదాపుగా అంతరించింది. లక్ష్యానికి మించి సాధించిన ఏకైక అంశం అదే.

సరే, ఎలాగో పాలు వచ్చాయనుకుందాం. పొద్దున ఆరింటికి పాలకేంద్రం దగ్గరికి రండి. క్యాను మూత తీసి, గరిటెతో కలిపి, చిన్న సీసాలోకి కాసిన్ని తీసి యంత్రం కింద పెడతారు. అది గుర్రుమంటుంది. నిమిషం తిరక్కుండా చీటీ బయటికి వస్తుంది: వెన్న ఇంత, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాలు) ఇంత, రేటు ఇంత. వెన్న మూడున్నర, ఎస్‌ఎన్‌ఎఫ్ ఎనిమిదిన్నర ఉంటే గోడ మీది పట్టికలో ఉన్న రేటు. పాయింటు తగ్గితే కోత. ఎండాకాలంలో వట్టి ఎండుగడ్డి నమిలిన ఆవు పాలలో ఎస్‌ఎన్‌ఎఫ్ పడిపోతుంది. అంటే కరువుకు జరిమానా ఆవు తరఫున ఆవిడే కడుతుంది. చీటీని వెలుతురుకు ఎత్తి చూసి, నాలుగుగా మడిచి, రవికెలో దోపుకుని వెళ్లిపోతుంది. యంత్రంతో వాదించి గెలిచినవాళ్లెవరు? పరీక్షకు తీసిన పాలు తిరిగి క్యానులో పోయరు. వాటి వెన్న శాతం ఎవరి ఇంట్లో తేలుతుందో ఏ యంత్రమూ చెప్పదు.

ఆవు వట్టిపోతుంది. వట్టిపోయినా తినడం మానదు, బ్యాంకు కూడా మానదు. రెండు వాయిదాలు తప్పాక ఆవిడ పలుపు పట్టుకుని సంతకు నడిపిస్తుంది. కొన్న ధరలో సగానికి అమ్ముతుంది. ఆ ఆవు చేతులు మారి, మారి, వచ్చే ఏడు ఇంకో మండలంలో ఇంకో లబ్ధిదారు ముందు దండ వేయించుకుని నిలబడుతుంది. 1980లో దేశమంతటికీ విస్తరించిన సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం, అంటే ఐఆర్‌డీపీ కాలం నుంచీ ఈ ఆవులకు ఫొటో అనుభవం దండిగా ఉంది. కెమెరా చూస్తే తల తిప్పుతాయి.

ఇప్పుడలా కుదరదు లెండి, చెవికి పన్నెండంకెల పసుపు పచ్చ బిళ్ల ఉంది. అది ఊడకుండా ఉండాలి. ఆవు ముళ్లకంపలో తల దూర్చి బిళ్ల పోగొట్టుకుని, ఆ తర్వాత పాము కాటుకు చచ్చిపోతే బీమా రాదు. బిళ్ల లేని ఆవు చావలేదని అర్థం. రైతులు తెలివి మీరారు. కొందరు ఆవు కన్నా బిళ్లనే జాగ్రత్తగా చూసుకుంటున్నారు.

1962కు ఫోన్ చేస్తే వచ్చే పశువుల అంబులెన్సులు ఆంధ్రలో 2022 నుంచి తిరుగుతున్నాయి. ఇది మంచి పని. ఇలాంటివి పెరిగితే నాబోటి కాలమిస్టు పొట్ట కొట్టినట్టే. అదృష్టవశాత్తూ ప్రభుత్వాలు ఆ ప్రమాదం రానివ్వవు. ఒకరి కాలంలో పశుక్రాంతి, ఇంకొకరి కాలంలో పాలవెల్లువ, మరొకరి కాలంలో గోకులం. రైతు భరోసా కేంద్రం రైతు సేవా కేంద్రమవుతుంది. పెయింటర్లకు పాడి పరిశ్రమ వల్ల కలిగిన ఉపాధి మీద ఎవరైనా సర్వే చేస్తే బాగుండు. చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడింది. 2020లో చిత్తూరు పాలు చిత్తూరులో కొనడానికి గుజరాత్ నుంచి అమూల్ రావలసి వచ్చింది. సహకారమంటే మనకు తెలియక కాదు. ఎవరి సహకారంతో దాన్ని మూయాలో మనకు మరీ బాగా తెలుసు.

అలా మూతపడనిది ఒకటుంది. కరీంనగర్ దిక్కున మెట్ట నేలల్లో, ముల్కనూరులో, ఆడవాళ్లే సభ్యులుగా, ఆడవాళ్లే పాలకవర్గంగా ‘స్వకృషి’ పేరుతో డెయిరీ నడుపుతున్నారు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద, అంటే ప్రభుత్వ పెత్తనం లేని చట్టం కింద పెట్టుకున్నారు. పాల డబ్బు పక్షానికోసారి చేతికొస్తుంది, లాభం మిగిలితే పంచుకుంటారు, దాణా, వైద్యం చూసుకుంటారు. ఇరవై ఏళ్లు దాటినా నడుస్తోంది. ఇందులో లోపం ఒక్కటే: ప్రారంభించడానికి నాయకులకు కొత్తగా ఏమీ మిగల్లేదు. అందుకే ప్రతి కొత్త పథకానికీ ముందు అధికారులు స్టడీ టూరుకు అక్కడికి వెళ్తారు, మజ్జిగ తాగుతారు, తిరిగొచ్చి హర్యానా నుంచి ముర్రా గేదెలకు టెండరు పిలుస్తారు.

ఈలోగా గొడ్లు తిరిగే బీళ్లు ఏమయ్యాయి? నంబులపూలకుంట దగ్గర సౌర పార్కు వచ్చింది. వేల ఎకరాల్లో అద్దాల పలకలు ఎండ మేస్తున్నాయి. వాటికి దాణా అక్కర్లేదు, చెవి బిళ్ల అక్కర్లేదు, ఎస్‌ఎన్‌ఎఫ్ పరీక్ష లేదు. కరెంటు కావలసిందే, కాదనను. కంచె బయట నిలబడిన బర్రెకు మాత్రం ఈ సంగతి ఎవరైనా వివరించాలి. దానికీ ఒక అవగాహన సదస్సు పెడితే సరి.

సదస్సు అంటే గుర్తొచ్చింది. ఆ రోజు నీళ్ల సంగతి అడిగినావిడ భోజనాలయ్యేదాకా ఆగి అర్జీ ఇచ్చింది. ఆవులు వద్దన్నారు వాళ్ల సంఘంవాళ్లు. ఊరి గుట్ట కింది బీడులో ఒక వానాకాలం గడ్డి పెరగనిస్తే కోసుకుని వాములేసుకుంటాం, బోరు దగ్గర తొట్టి కట్టించండి, వేరుశనగ కట్టె దొరికే నెలలో కొని దాచుకోవడానికి సంఘానికి చిన్న అప్పు ఇప్పించండి, అంతే.

సారు రెండుసార్లు చదివారు. “అమ్మా, గడ్డికి పద్దు లేదు. ఆవుకు ఉంది, షెడ్డుకు ఉంది, సదస్సుకు ఉంది.”

“సదస్సు పద్దులోనే రాసుకోండి సార్. ఈపొద్దు మీరు తిన్న బిర్యానీ మా ఆవులు తిన్యాయని రాస్తే ఎవరికి తెలుస్తాది?”

సారు మంచివారు, నవ్వేశారు. అర్జీ మీద ‘పరిశీలించి తగు చర్య తీసుకోగలరు’ అని రాసి, బీడు గుట్టను ఆనుకుని ఉంది కాబట్టి, అటవీ శాఖకు పంపారు. పోయిన ఏడు ఆ గుట్ట మీద గడ్డి కోస్తుంటే ఆమె కొడవలి లాక్కుపోయింది వాళ్లే.