పొన్ను కర్ర చెప్పిన దేవరకొండ

నా ఒళ్లు గట్టి వెదురు. అడుగున ఇనుప పొన్ను, పైన చెయ్యి పట్టీ పట్టీ నున్నబడిన కణుపు. గొర్ల వెంట తిరిగిన ఒక పెద్దాయన చేతి నుంచి ఆయన కొడుక్కి దక్కాను. ఈయన బడిపంతులుగా రిటైరై మాడుగులపల్లిలోనే ఉంటున్నాడు. నల్లగొండ నుంచి మిర్యాలగూడ పోయే రోడ్డు మీది ఊరు మాది. చుట్టూ వరి. ఒడ్ల మీద గడ్డి తట్టుకుంటూ పోతే పాములు తప్పుకుంటాయి, ఊళ్లో నాకు ఇంతకు మించి పని లేదు. నా అసలు పని రాతి మీద. ఎండలు తగ్గిన నెలల్లో సారు నన్ను పట్టుకుని ఒక్కడే గుట్టలు ఎక్కుతాడు. నల్లగొండకు అటూ ఇటూ ఉన్న లతీఫ్ సాహెబ్ గుట్ట, కాపురాల గుట్ట నాకు బాగా తెలుసు. కానీ నేను చెప్పదలచింది దేవరకొండ సంగతి.

చీకటితోనే బయలుదేరాం. “దేవరకొండ పోతున్న, పొద్దుగూకకముందే దిగి ఫోన్ చేస్త” అని ఇంట్లో చెప్పాడు. ఒంటరిగా కొండకు పోయే మనిషి ముందుగా చేయాల్సిన పని అదే. సంచిలో జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం, రెండు సీసాల నీళ్లు. మొదటి బస్సుకు నల్లగొండ, అక్కడి నుంచి కొండమల్లేపల్లి మీదుగా దేవరకొండ.

ఏడు కొండలను ఒకే కోటగోడతో చుట్టిన చోటు అది. 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకులు ఏలారు. అన్న అనపోతానాయకుడికి రాచకొండ, తమ్ముడు మాదానాయకుడికి దేవరకొండ. ఇవాళ వచ్చేవాళ్లలో చాలామంది మొదటి బురుజు దాకా ఎక్కి, ఫోటో దిగి, వెనక్కి తిరుగుతారు. సారు అట్లా తిరిగే మనిషి కాదు. గోడ వెంబడి ఒక కొన మీది నుంచి ఇంకో కొన మీదికి పోవాలని వచ్చాడు.

మొదటి ఎక్కుడు మెట్లదారి. పైకి పోయేకొద్దీ మెట్లు పోయి బండ మిగిలింది. ఇక్కడ నా చెవులు పనికొస్తాయి. దక్కను గ్రానైట్ పుట్టి సుమారు 250 కోట్ల ఏళ్లు. పగలు కాగి, రాత్రి చల్లారి, పైపొర ఉల్లిపొరలాగా లేచిపోతుంది. పొన్నుతో తడితే గట్టి బండ ‘ఠంగ్’ మంటుంది, లేచిన పొర ‘డబ్’ మని బోలుగా పలుకుతుంది. డబ్ మన్న చోట సారు కాలు పెట్టడు. తట్టి, విని, అడుగు వేయడం ఆయనకు వాళ్ల నాయన నేర్పిన విద్య. బాగా ఏటవాలుగా నున్నగా ఉన్న బండ మీద మాత్రం ఇనుము జారుతుంది. అక్కడ నన్ను చంకలో పెట్టుకుని చేతులతో పాకుతాడు. ఆ కాసేపు నేను భారమే.

ఈ రాయిని తక్కువ చేసి చూడొద్దు. ఇలాంటి బండే అయిన భువనగిరి ఏకశిల మీద తాడు పట్టుకుని మొదటి పాఠాలు నేర్చిన మాలావత్ పూర్ణ, తోటి విద్యార్థి ఆనంద్ కుమార్‌తో కలిసి 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకు ఇంకా 14 ఏళ్లు నిండలేదు.

రెండో కొన దాటాక సీతాఫలం చెట్లు, పరికి కంప దారి మూసేశాయి. అక్కడ మేకలు తోలుకొచ్చిన పిల్లగాడు ఎదురయ్యాడు.

“ఒక్కరే వచ్చిండ్రా సారూ? ఎంబడి ఎవ్వరు లేరా?”

“కర్రుంది గద బిడ్డా.”

“కంపల దిక్కు పోకుండ్రి. గోడ ఇడవకుండ్రి, అదే తీస్కపోతది.”

ఆ మాట నిజమైంది. గోడ కొండ వంపును ఎక్కడా కాదనలేదు. బండ లేచిన చోట లేచింది, లోయ వచ్చిన చోట దిగింది. నిటారు చరియ ఉన్న చోట అదే గోడ అనుకుని ఊరుకున్నారు కట్టినవాళ్లు. నాలుగో కొన మీద సారు కూర్చుని రొట్టె విప్పాడు. లోపలివైపు చూస్తే కొండల నడుమ పెద్ద గిన్నెలాంటి జాగా, అందులో పాత బావులు, కూలిన గుళ్లు. బయటివైపు గుండ్ల మీద గుండ్లు, ఇరుకు సందులు. చాలాసేపు అటే చూశాడు. తర్వాత పాఠం చెప్పినట్టు పైకే అన్నాడు.

1459 ప్రాంతంలో బహమనీ సుల్తాన్ హుమాయూన్ షా సేన ఈ కోటను ముట్టడించింది. లోపలి వెలమ నాయకుడు లింగడు ఒరిస్సా గజపతి కపిలేంద్రుడి సాయం కోరాడు. గజపతి కొడుకు హంవీరుడి సేన వచ్చి పడింది. ముందు కోట, వెనక శత్రువు. గుర్రాలు మసలడానికి చోటు లేక బహమనీ సేన దారుణంగా దెబ్బతిన్నది. పుస్తకంలో చదివినప్పుడు అది ఒక పేరా. ఈ సందులు కంటబడ్డాక, అక్కడ చిక్కిన మనుషుల ఊపిరాడనితనం అర్థమవుతుంది. కింది నుంచి చూసిన ఎవరికీ ఇది అందదు. ఒక్కో కొన ఎక్కి దిగిన మోకాళ్లకే కోట పన్నిన ఎత్తు తెలుస్తుంది.

ఆ తర్వాత రెండు కొనలు మౌనంగా నడిచాం. ఒక దొనలో వాననీళ్లు పచ్చగా నిలిచి ఉన్నాయి, తాగడానికి పనికిరావు. సీసాలో సగమే మిగిలింది. పొద్దు వాలడం మొదలైంది. ఏడో కొన ఎదురుగా కనిపిస్తూనే ఉంది. సారు పొద్దును చూశాడు, నీళ్లను చూశాడు, గోడ తెగిన చోటు నుంచి కిందికి మళ్లాడు. దిగేటప్పుడే నా మీద ఎక్కువ బరువు పడుతుంది. ముందు నేను, తర్వాత కాలు, అట్లా వెలుగుండగానే ఊరి మొదటి ఇళ్ల దగ్గరికి చేరి ఇంటికి ఫోన్ చేశాడు. ఏడోది ఇంకా బాకీ ఉంది, మళ్లీ చలికాలం పోతాం.

దారి పొడుగునా ఒక్కటే నన్ను బాధపెట్టింది. బురుజు రాళ్ల మీద రంగులతో రాసిన పేర్లు, మెట్ల పక్కన పగిలిన సీసాలు. ముట్టడులు చూసి కూడా నిలిచిన గోడ అది. మీరు దేవరకొండకు రండి. మొదటి బురుజు దగ్గర ఆగిపోకండి, ఇంకో రెండు కొనలైనా నడవండి. నీళ్లు ఎక్కువ తెచ్చుకోండి, తెచ్చిన సీసా తిరిగి తీసుకుపోండి, మీ పేరు మాత్రం ఆ రాయి మీద రాయకండి.