లక్సెంబర్గ్‌లోనూ అదే కొండ

"మీ డబ్బంతా ఒకే దేశంలో పెట్టారా? అయితే మునిగారన్నమాటే!" అని ఫోన్లోంచి ఒక కుర్రాడు వేలు చూపించి మరీ బెదిరిస్తుంటాడు. ఆ వీడియో బస్తర్ అడవులు దాటి కిరందుల్ టౌన్‌షిప్ దాకా వచ్చేసింది. విశాఖ నుంచి కిరందుల్ రావాలంటే రైలు 58 సొరంగాలు దూరాలి. సలహాకి ఆ బాధ లేదు.

కిరందుల్, బచేలీలలో తెలుగువాళ్లకు కొదవలేదు. వాళ్లలో ఒక పెద్దమనిషిని ఊహించుకోండి. మీ చుట్టాల్లోనే ఒకాయన ఉండే ఉంటాడు కాబట్టి కష్టపడనక్కర్లేదు. ఈయన జీతం ఇనుప ఖనిజం కోసం బైలదిల్లా కొండను తవ్వే ఎన్‌ఎండీసీది. డీమ్యాట్ ఖాతాలో పేరుకున్న షేర్లూ ఆ కంపెనీవే. జగదల్‌పూర్ పక్కన నగర్నార్ ఉక్కు కర్మాగారాన్ని విడదీసి 2023 ఫిబ్రవరిలో మార్కెట్లోకి తెచ్చినప్పుడు షేరుకొకటి చొప్పున అవీ వచ్చిపడ్డాయి. 2024 డిసెంబర్‌లో ఎన్‌ఎండీసీ ఒకటికి రెండు బోనస్ ఇచ్చేసరికి సంఖ్య మూడింతలైంది. రిటైరయ్యాక ఉందామని గాజువాకలో ఇల్లు కట్టాడు. ప్రస్తుతం అందులో అద్దెకున్నది విశాఖ ఉక్కు ఉద్యోగి. విశాఖ ఉక్కుకి సొంత ఇనుప గనులు లేవు, బైలదిల్లా నుంచి ఖనిజం రావలసిందే. జీతం, షేర్లు, ఇంటద్దె అన్నీ ఒకే కొండకి చేరగిలబడి ఉన్నాయన్నమాట. ఇలాంటాయనకి "అంతా ఒక్కచోటే పెట్టకండి బాబూ" అనే సలహా మందులాంటిదే. కాకపోతే దాన్ని ఈయన వాడిన తీరు చూడాలి.

"తెలిసిన వ్యాపారంలోనే పెట్టండి" అని ఆ కుర్రాడే ఇంకో వీడియోలో సెలవిచ్చాడు. ఈయనకి తెలిసింది ఇనుము. అందుకని ఆర్సెలర్ మిట్టల్ కొన్నాడు. కంపెనీ లక్సెంబర్గ్‌ది, షేరు దొరికేది న్యూయార్క్‌లో, ధర డాలర్లలో. ఇంతకన్నా విదేశీ ఏముంటుంది?

తీరా చూస్తే ఆ కంపెనీ ఉన్నది ఆయన ఊళ్లోనే. కిరందుల్‌లో ఇనుప ఖనిజాన్ని శుద్ధిచేసే ప్లాంటు ఒకటుంది. ఖనిజం పొడిని నీళ్లలో కలిపి ఎర్రటి బురద చేసి, 267 కిలోమీటర్ల పైపులో విశాఖకి తోస్తారు. అక్కడ నీళ్లు పిండేసి పెల్లెట్లు చేస్తారు. ఇది ఒకప్పుడు ఎస్సార్ స్టీల్‌ది. ఆ కంపెనీ దివాలా తీస్తే 2019 డిసెంబర్‌లో ఆర్సెలర్ మిట్టల్, జపాన్ వారి నిప్పన్ స్టీల్ కలిసి కొనుక్కున్నాయి, 60, 40 వాటాలతో. కొండ నుంచి పారిపోదామని డాలర్లు కట్టి మన పెద్దమనిషి కొనుక్కున్నదాంట్లో ఆ కొండ బురద కూడా ఉంది.

పోనీ, టోక్యో వెళ్దామన్నాడు. టోక్యో కొండకి కొత్త చుట్టమా? బైలదిల్లా ఖనిజం అమ్మడానికి 1960లోనే జపాన్ ఉక్కు మిల్లులతో మన ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. ఆ ఖనిజం రేవుకి చేర్చడానికే కొత్తవలస నుంచి కిరందుల్‌కి రైలుమార్గం వేశారు, 1968లో తవ్వకం మొదలుపెట్టారు. ఆనాటి మిల్లుల్లో పెద్దవైన యవాటా, ఫుజి 1970లో కలిసి నిప్పన్ స్టీల్ అయ్యాయి. సరే, అమెరికావాడి యు.ఎస్. స్టీల్ కొందామంటే 2025 జూన్‌లో దాన్నీ నిప్పన్ స్టీలే మింగేసింది. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్లని విన్నాం. ప్రపంచమంతా తవ్వి కొండనే పట్టినవాడు ఈయనొక్కడే.

"ఇనుము మాట వదిలెయ్ బావా, టెక్నాలజీ కొను" అన్నాడు బావమరిది. కొనొచ్చు. కానీ కొడుకు డల్లాస్‌లో చేసేది ఆ ఉద్యోగమే. జీతంలో సగం కంపెనీ షేర్లే. కొండాపూర్ ఫ్లాటు ఈఎంఐ కట్టేదీ ఆ డాలర్లే. నాస్‌డాక్ పడి ఉద్యోగం ఊడితే, హెచ్1బీ మీద ఉన్నవాడికి ఇంకొకటి వెతుక్కోడానికి 60 రోజులకు మించి గడువుండదు. ఆ 60 రోజుల్లో కొడుకుని ఆదుకోవాల్సిన నాన్నగారి పొదుపూ అప్పటికి నాస్‌డాక్‌తో పాటే నేల మీదుంటుంది.

"దేశాలు వేరు కదండీ, ఒకటి పడ్డా ఇంకోటి నిలబడుతుంది" అంటారు. మామూలు రోజుల్లో కొంత నిజమే. రూపాయి సంగతైతే పూర్తిగా నిజం: 2010లో 45 రూపాయల చుట్టూ తిరిగిన డాలరు 2022లో 80 దాటింది, డాలర్లలో దాచినవాడు నవ్వుకున్నాడు. కానీ నిలబడాల్సిన రోజున ఏమైంది? 2020 మార్చి 23న సెన్సెక్స్ 3,934 పాయింట్లు, అంటే 13 శాతం కూలింది. అమెరికా ఎస్‌అండ్‌పీ 500 సూచీ కరోనా కాలపు అడుగుకి చేరిందీ ఆ రోజే. సముద్రాలు దాటించిన డబ్బు ఒకే తేదీన రెండుచోట్లా చతికిలబడింది.

ఈ విదేశీ మోజు చిన్నవాళ్లకే పరిమితమని నవ్వుకోకండి. టాటా స్టీల్ 2005లో బస్తర్ జిల్లా లోహండిగూడలో కర్మాగారానికి ఒప్పందం రాసుకుంది. 10 గ్రామాల భూమి దానికోసం సేకరించారు. ఈలోగా కంపెనీ 2007లో బ్రిటన్‌కి వెళ్లి కోరస్‌ని కొనుక్కుంది. చివరికి లోహండిగూడలో ఒక్క కొలిమీ లేవలేదు, 2019లో భూములు రైతులకి వెనక్కిచ్చారు. అటు బ్రిటన్‌లో పోర్ట్ టాల్బట్ ఆఖరి బ్లాస్ట్ ఫర్నేస్ 2024 సెప్టెంబర్‌లో ఆరిపోయింది. పెద్దల పోర్ట్‌ఫోలియోలో రైతు పొలం పదేళ్లకు పైగా పడుంటే, దానికి వైవిధ్యమని పేరు పెట్టినవాళ్లు లేరు.

ఇక కాగితాలు. రిజర్వు బ్యాంకు ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా పంపుకోనిస్తుంది. మనవాడు పంపింది రెండు వేలు. దానికోసం ఇన్‌కంటాక్స్‌లో ఇన్నాళ్లూ సుఖంగా వేసుకున్న 'సహజ్' ఫారం పనికిరాకుండా పోయింది. విదేశీ ఆస్తుల షెడ్యూలు నింపాలి. ఆస్తి లెక్క జనవరి నుంచి డిసెంబర్‌కి, ఆదాయం లెక్క ఏప్రిల్ నుంచి మార్చికి. డివిడెండు రూపాయల్లో వందలు దాటకపోయినా చూపాల్సిందే. ఆడిటర్ ఫీజు దానికి ఎన్నిరెట్లో అడక్కండి.

ఇంత తిరుగుడు లేకుండా, కిరందుల్ కుర్చీలోంచి లేవకుండా, డీమ్యాట్‌లోని కంపెనీ షేర్లు సగం అమ్మి ఇనుముతో సంబంధంలేని ఇంకేదైనా కొంటే సరిపోయేది. ఆ మాటే చెప్పి చూశారెవరో.

"అమ్మో, అదెలాగండీ? అది మన కంపెనీ!" అన్నాడట.