వంతెన దాటితే కాల్ ఫ్రీ

యూరోపియన్ యూనియన్‌లో 2017 జూన్ 15న రోమింగ్ చార్జీలకు మంగళం పాడారు. ఇంట్లో ఎంతో పక్క దేశంలోనూ అంతే. ఈ చట్టం 2032 దాకా ఉంటుందట. అది విని జర్మనీలో ఎమ్మెస్ చదివే మన కుర్రాళ్లు, ‘నాన్నా, ఇక్కడ దేశాలన్నిటికీ ఒకటే రేటు’ అని ఇంటికి చెప్పేశారు. అంత తేలిగ్గా అర్థమైతే అది చట్టమెలా అవుతుంది?

జర్మనీలో కెల్ అనే ఊరుంది. రైన్ నదికి అవతల ఫ్రాన్స్ వారి స్ట్రాస్‌బర్గ్. కెల్‌లో నిలబడి జర్మన్ సిమ్‌తో స్ట్రాస్‌బర్గ్ నంబరుకు చేస్తే అది రోమింగ్ కాదు నాయనా, అంతర్జాతీయ కాల్! ప్లాన్‌లో కలిసి లేకపోతే నిమిషానికి 19 సెంట్ల దాకా గుంజవచ్చు, పన్ను అదనం. అదే ట్రామెక్కి వంతెన దాటి, ఫ్రాన్స్‌లో దిగి, అదే సిమ్‌తో అదే నంబరుకు చేస్తే రోమింగ్. అంటే ఇంటి రేటే. అన్‌లిమిటెడ్ ప్లాన్ ఉంటే సెంటు కూడా పడదు. మన ఇంట్లోంచి కేకేస్తే డబ్బులు, వాళ్ల గుమ్మంలోకెళ్లి పిలిస్తే ఉచితం అన్నమాట. ట్రామ్ టికెట్ ఎవరు కొనాలో మాత్రం బ్రస్సెల్స్ పెద్దలు చెప్పలేదు.

ఇక స్విట్జర్లాండ్. మన టూర్ ఆపరేటర్ల యూరప్‌లో అది తప్పనిసరి, రోమింగ్ చట్టంలో దాని ఊసే లేదు. యూనియన్‌లో లేని నార్వే, ఐస్‌లాండ్ ఉన్నాయి. 2026 జనవరి 1న ఉక్రెయిన్, మాల్డోవా కూడా చేరాయి. షెంగెన్ వీసా స్విట్జర్లాండ్‌లో చెల్లుతుంది, ఉచిత రోమింగ్‌కు హామీ లేదు. ఐర్లాండ్‌లో సిమ్ చెల్లుతుంది, వీసా చెల్లదు. బ్రిటన్ సంగతంటారా, విడాకులు తీసుకున్నాక అంతా కంపెనీల దయ.

పోనీ హాయిగా తిరుగుదామా అంటే, నాలుగు నెలల లెక్కలో ఉండటమూ వాడటమూ రెండూ బయటే ఎక్కువైతే కంపెనీ సంజాయిషీ అడగొచ్చు. గడువు 14 రోజులు. మన ఆఫీసుల మెమోలు నయం.

ఈ గోలంతా అక్కడి సిమ్ ఉన్నవాళ్లకే. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ప్యాక్ వేయించుకుని ఫ్లైటెక్కేవాళ్లకు ఆ చట్టంతో పని లేదు. పైన ‘యూరప్’ అని ఎంత పెద్దక్షరాలున్నా, కింద చీమతలకాయంత అక్షరాల్లో మీరు వెళ్లే దేశం పేరుందో లేదో చూసుకోండి. ఇంటి దగ్గర ఉండేవాళ్లకూ ఒక విన్నపం. చాలా ప్యాకుల్లో ఇన్‌కమింగ్‌కూ నిమిషాలు కరిగిపోతాయి. పారిస్‌లో ఉన్న అల్లుడికి ఫోన్ చేసి, ‘అక్కడిప్పుడు టైమెంతయింది బాబూ?’ అని అడక్కండి.