మీరేమిట్లు?

మా రోజుల్లో ఒకరి కులం అడగాలంటే దానికో పద్ధతుండేది. బందరులో మా ఇంటి అరుగెక్కి కొత్తవాడెవరైనా కూర్చున్నాడనుకోండి. ముందు మంచినీళ్లు. తర్వాత ఏ ఊరు, ఏ బస్సుకొచ్చారు, వానలు పడ్డాయా, కాలవకి నీళ్లొదిలారా. ఆ తర్వాత ఇంటిపేరు. ఇంటిపేరుతో తేలకపోతే, చల్లపల్లిలో ఫలానా వారు మీకేమన్నా అవుతారా అని ఓ గాలం. అప్పటికీ పడకపోతే మా నాన్న కండువా సర్దుకుని, గొంతు తగ్గించి, "ఏమీ అనుకోకండి, మీరేమిట్లు?" అనేవాడు. అడిగేవాడికి కాస్త సిగ్గు, చెప్పేవాడికి కాస్త ఇబ్బంది. ఆ మాత్రం సిగ్గయినా ఉండేదండీ. ఇప్పుడు సిగ్గు స్థానంలో మైకొచ్చింది.

ఎన్నికలొచ్చాయంటే చాలు, టీవీలో కోటు తొడుక్కున్న కుర్రాడు గుడివాడ నియోజకవర్గాన్ని విస్తట్లో వడ్డించి చూపిస్తాడు. ఈ మూల ఫలానా సామాజిక వర్గం, ఆ మూల ఫలానా సామాజిక వర్గం, ఒక్కోదానికి ఒక్కో రంగు. కులం అనడానికి వీళ్లకి నోరు రాదు. పప్పుని పప్పు అనకుండా 'ద్విదళ పదార్థం' అన్నట్టుంటుంది నాకు. "అక్కడ ఒక బలమైన సామాజిక వర్గం..." అని ఆగి చిన్నగా నవ్వుతాడు. ఏదో చెప్పడు. చెప్పకపోయినా కోడూరులో గేదెలు తోలుకెళ్లే పిల్లాడిక్కూడా తెలుసు. ఆ పైన అభ్యర్థిని ఎదురుగా కూచోబెట్టుకుని, మీ అమ్మగారిదో వర్గం, నాన్నగారిదో వర్గం కదా, మరి మిమ్మల్ని మీరు ఎటు లెక్కేసుకుంటారు అంటాడు. పెళ్లిచూపుల్లో కూడా ఇంత మొహం మీద అడిగేవాళ్లు కాదు.

ఈ రోగం మనదే అనుకునేవాణ్ణి. 2024 జులై 31న షికాగోలో నల్లజాతి పాత్రికేయుల సంఘం సభలో ట్రంప్ మాట్లాడిన ముక్క మా హెడ్మాస్టారు ఫోనులో చూపించేదాకా. కోనేరు సెంటర్ దగ్గర టీకొట్టు బల్ల మీద నలుగురం రిటైరైనవాళ్లం కూచునుంటాం, పొద్దున్న ఏడు నుంచి ఎండెక్కేదాకా. ట్రంప్ మీద అధ్యక్ష పదవికి పోటీకొచ్చిన కమలా హారిస్ ఎప్పుడూ ఇండియన్ననే చెప్పుకునేదిట, కొన్నేళ్ల క్రితం దాకా ఆవిడ నల్లజాతి మనిషని తనకి తెలియనే తెలియదుట, ఉన్నట్టుండి నల్లజాతిలోకి మారిందిట. అదీ ఆయన మాట. తండ్రి జమైకా నుంచి వెళ్లిన ఆర్థిక శాస్త్రం ప్రొఫెసరు, తల్లి శ్యామల మద్రాసు నుంచి వెళ్లిన శాస్త్రవేత్త, పిల్ల నల్లవాళ్ల కోసం పెట్టిన హోవర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంది. ఇందులో మారడానికేముంది? పుట్టుకతోనే రెండూ.

నేను ఆవేశంగా ఇదంతా చెబుతున్నానా, మా బల్ల మీదే రిజిస్ట్రారాఫీసులో చేసి రిటైరైనాయన టీ ఊదుకుంటూ, "అది సరేగానీ, వాళ్లమ్మ ఏమిట్లు?" అన్నాడు.

మిగతా ముగ్గురం ఫోన్లు తీశాం. తల్లి వైపు ఊరు తులసేంద్రపురం, మన్నార్‌గుడి దగ్గర. తాత పేరు గోపాలన్. అయిదు నిమిషాల్లో తేల్చేశాం, టీ చల్లారకముందే. అమెరికావాళ్లు నలుపా, ఇండియనా అన్న దగ్గరే తన్నుకుంటున్నారు. మేం ఆ గడప దాటి లోపలి గదిలోకి వెళ్లి దణ్ణెం మీద ఏం బట్టలారేశారో కూడా చూసొచ్చాం.

ఆ షికాగో సభకి రెండు వారాల ముందు, జులై 15న, ట్రంప్ తన ఉపాధ్యక్ష అభ్యర్థిగా వాన్స్ అనే ఆయన్ని ప్రకటించాడు. ఆయన భార్య ఉష ఇంటిపేరు చిలుకూరి. పుట్టింది అమెరికాలోనే, శాన్ డియాగోలో. అయితేనేం, ఆ కుటుంబం మూలాలు మా ఉయ్యూరు పక్కన సాయిపురంలో ఉన్నాయనీ, తణుకు దగ్గర వడ్లూరులో ఉన్నాయనీ తెలిసేసరికి టీవీ కార్లు ఆ ఊళ్ల దారి పట్టాయి. ఆవిడ విషయంలో మాకు ఫోన్లు తియ్యాల్సిన పని కూడా పడలేదు. చిలుకూరి అనగానే సగం, అమ్మమ్మలు తాతల పేర్లు చదవగానే మిగతా సగం. అక్కడ ఆవిడ రంగు చూసి ఏడ్చినవాళ్లు ఏడ్చారు, ఇక్కడ ఆవిడ శాఖ తేల్చే పనిలో మేమున్నాం. మేరీలాండ్ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరైన అరుణా మిల్లర్ సంగతీ అంతే. 2023 జనవరిలో ఆవిడ ప్రమాణం చేసింది. పుట్టింటి పేరు కాట్రగడ్డ, ఊరు ఇక్కడే, గుడివాడ వైపు వెంట్రప్రగడ. మేరీలాండ్ ఓటర్లకి కాట్రగడ్డ అంటే పలకడానికి నోరు తిరగని మాట, అంతే. మాకు మాత్రం అదొక్కటే చాలు.

అసలు మా ఊరంత చిత్రమైనది ఇంకోటి లేదు ఈ విషయంలో. జాతుల పేర్లు పెట్టుకున్న పేటలున్నాయి మాకు. వలందావాళ్ల పేరుతో వలందపాలెం, పరాసువాళ్ల పేరుతో ఫ్రెంచిపేట, దొరల పేరుతో ఇంగ్లీషుపాలెం. 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ మా రేవులో దిగే నాటికే డచ్చివాళ్లు ఇక్కడ కొట్టు పెట్టుకుని ఉన్నారు. కలంకారీ గుడ్డల కోసం ఒకరి మీద ఒకరు పడి చచ్చారు. ఇప్పుడు వలందపాలెంలో తలుపు తట్టి మీరేమిట్లు అని అడిగితే డచ్చివాళ్లం అని ఒక్కడూ అనడు. మిగిలింది డచ్చి సమాధులూ, ఆ పేరూ.

మళ్లీ కమల దగ్గరికొస్తా. ఆ ఆగస్టు 29న సీఎన్ఎన్ వాళ్లు ఇంటర్వ్యూలో ట్రంప్ మాటల గురించే అడిగారు ఆవిణ్ణి. అదే అరిగిపోయిన పాత పాట, తర్వాత ప్రశ్న అడగండి అంది. అంతే. మా హెడ్మాస్టారు ఆ ముక్క మూడుసార్లు వెనక్కి తిప్పి చూపించాడు. ఓడిపోయింది కదా చివరికి అంటారేమో. ఓడిపోయింది. ఆ జవాబు వల్ల కాదులెండి.

అలా ఒక్క ముక్కతో తేల్చెయ్యడమే మంచిది, ఎందుకంటే వివరంగా చెప్పినవాళ్ల గతేమయిందో చూశాంగా. ఒబామా 2008లో గెలిచాక కూడా, నువ్వసలు అమెరికాలో పుట్టావా అని వెంటపడితే 2011 ఏప్రిల్‌లో పుట్టిన కాగితం మొత్తం బయటపెట్టాడు. నమ్మనివాళ్లు అప్పుడూ నమ్మలేదు. న్యూయార్క్ మేయరు పదవికి నిలబడ్డ జోహ్రాన్ మమ్దానీ సంగతైతే మరీను. ఉగాండాలో పుట్టిన భారతీయ కుటుంబం పిల్లాడు. 2009లో కాలేజీ దరఖాస్తులో ఏషియన్ గడిలోనూ, నల్లజాతి లేదా ఆఫ్రికన్ అమెరికన్ గడిలోనూ టిక్కు పెట్టాడని 2025లో అక్కడి పెద్ద పేపరు వార్త వేసింది. ఆ కాలేజీలో సీటు కూడా రాలేదు పాపం. పదహారేళ్ల కిందటి టిక్కు! నేను ఎస్ఎస్ఎల్సీ దరఖాస్తులో ఏం రాశానో ఇప్పుడెవరన్నా తవ్వితే నా పుట్టినరోజే తప్పని తేలుతుంది.

గడుల గోల మనకీ ఉందనుకోండి, మన గడికి బరువెక్కువ. మా పక్కన పామర్రు ఎస్సీ నియోజకవర్గం. అంతకుముందు నిడుమోలు ఉండేది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు, సిక్కు, బౌద్ధుడు అయితేనే ఎస్సీ, క్రైస్తవుడైతే కాదు. మరి మా డెల్టాలో మాలపల్లెకో చర్చి, మాదిగపల్లెకో చర్చి. 2019లో తాడికొండ నుంచి గెలిచిన డాక్టరు ఉండవల్లి శ్రీదేవి గారి మీద, ఆవిడ క్రైస్తవురాలు, ఎస్సీ ఎలా అవుతుందని ఫిర్యాదులు వెళ్లాయి. అది తేల్చడానికి కలెక్టరున్నాడు, కమిటీ ఉంది, కోర్టుంది. రిజర్వుడు సీటు పక్కదారి పట్టకూడదు కాబట్టి ఆ ప్రశ్నకో అర్థం ఉందనే నేనంటాను. కానీ మైకు పట్టుకుని, ఆదివారం పొద్దున్న ఎక్కడికెళ్తారు మేడమ్ అనడం దర్యాప్తు కాదు. తలుపు సందులోంచి చూడటం.

మా రోజుల్లో ఇవన్నీ లేవు. 1983లో ఎన్టీఆర్ గుడివాడలో నిలబడ్డాడు. ఊరు నిమ్మకూరు, పక్కనే. ఆ జనవరిలో నాకు దివిసీమలో ఎన్నికల డ్యూటీ పడింది. కొందరికాయన రాముడు, కొందరికి కృష్ణుడు, ఆడవాళ్లకి అన్న, కొందరికి మావాడు. ఆ నాలుగో మాట పేపర్లో రాయాల్సిన అవసరం ఎవరికీ పడలేదు. బూతులో ఏజెంటు ఓటర్ల జాబితా ముందేసుకుని, బొటనవేలికి ఉమ్మి రాసుకుని పేజీ తిప్పుతూ, ఇంటిపేరు చూసి పెన్సిలుతో గీతలు పెట్టేవాడు. నిలువు గీత మనకి, అడ్డ గీత వాళ్లకి, సున్నా ఎటో తెలియనివాళ్లకి. సాయంత్రం పెట్టె సీలు వేసేటప్పుడు చూశాను, ఆ పేజీల్లో రెండే రెండు సున్నాలున్నాయి. ఒకటి పోస్టుమాస్టరు, రెండోది ఆయన భార్య. బదిలీ మీద వచ్చినవాళ్లు.

ఇదంతా గొప్పగా చెబుతుంటే మా హెడ్మాస్టారు అడ్డమొచ్చాడు. నాగాయలంక అవతల, సముద్రం వైపు పాలెం ఆయనది. 1977 నవంబరు 19 ఉప్పెనలో సగం బంధువులు పోయారు. మామూలుగా నెమ్మదిగా మాట్లాడతాడు.

"మాస్టారూ, మీ అరుగు మీద మంచినీళ్లు ముందిచ్చేవారన్నారు. నిజమేనా?"

"నిజమే."

"అరవై ఎనిమిదిలో ట్రెయినింగు కాగితాల మీద సంతకం కోసం మీ నాన్నగారి దగ్గరికొచ్చాను. ముందు ఊరడిగారు. తర్వాత పేరడిగారు. తర్వాత మీరేమిట్లన్నారు. చెప్పాను. అప్పుడు నీళ్లొచ్చాయి. మీ అమ్మగారు పైనుంచి పోశారు, దోసిలి పట్టమని."

బల్ల మీద ఎవరం మాట్లాడలేదు. టీకొట్టు కుర్రాడు గ్లాసులు కడుగుతున్నాడు. ఆయనే మళ్లీ అన్నాడు, ఉప్పెన తర్వాత శవాలని ఒకేచోట కుప్పేసి కాల్చేటప్పుడు ఏమిట్లని ఎవరూ అడగలేదుట. బియ్యం పంచేటప్పుడు కూడా మొదటి వారం అడగలేదుట. కొత్త కాలనీకి ముగ్గు పోసేటప్పుడు మాత్రం ఏ వీధి ఎవరిదో ముందే పంచుకున్నారుట. "మీ రోజుల్లో అడగలేదంటే, ఊళ్లో ఏ వైపు నుంచి నడిచొస్తున్నామో చూస్తే మీకు తెలిసిపోయేది కాబట్టి" అని టీ డబ్బులు నాక్కూడా కలిపి ఇచ్చి వెళ్లిపోయాడు.

ముందు నీళ్లా, ముందు ప్రశ్నా? ఇంటికొచ్చి ఎంత ఆలోచించినా, మా అమ్మ చెంబు ఎత్తి పట్టుకున్న చెయ్యే కనిపిస్తుంది. గ్లాసు కనిపించదు.

ఏమిట్లన్న ప్రశ్నకి అందనివాళ్లూ ఉన్నారు మా వైపు. ఉయ్యూరు మండలంలోనే, సాయిపురానికి ఎంతో దూరం లేని ముదునూరులో గోరా గారు 1940లో నాస్తిక కేంద్రం పెట్టారు. అంతకుముందు మా బందరు హిందూ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవారు. ఉప్పు సత్యాగ్రహం ఏడు పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టారు, ఇంకో కొడుక్కి సమరం అని. లవణం గారు పెళ్లాడింది కవి జాషువా గారి కూతురు హేమలతని. ఆ పేర్లు విని ఏమిట్లో తేల్చమనండి, మా రిజిస్ట్రారాఫీసు ఆయన్ని. పెన్సిలుతో సున్నా పెట్టాల్సిందే. ఇంత పెద్ద జిల్లాలో అలాంటి సున్నాలు ఎన్ని మిగిలాయో నేను లెక్కపెట్టలేదు.

2024 జనవరిలో ప్రభుత్వం కులగణన అంటే, ఫోను పట్టుకుని ఓ పిల్ల మా గుమ్మంలోకి వచ్చింది. "కులం తాతగారూ? ఉపకులం?" అని పుస్తకంలో లెక్క అడిగినట్టు అడిగింది. సిగ్గూ లేదు, గొంతు తగ్గించడమూ లేదు. నిజం చెప్పొద్దూ, అలా అడుగుతుంటే హాయిగా అనిపించింది. చెప్పాను. ఆ పిల్ల కులం నేనడగలేదు. ఇంటిపేరు మాత్రం అడిగాను. లోపల్నుంచి మా ఆవిడ దగ్గింది.

పోయిన నెల పై వాటా అద్దెకి చూడటానికి ఓ కుర్రాడొచ్చాడు. రేవు పనుల్లో ఇంజినీరు. ఈసారి ముందే మంచినీళ్లు నేనే తెచ్చిచ్చాను, స్టీలు గ్లాసులో. తాగాడు. ఏ ఊరు బాబూ అంటే అవనిగడ్డ అన్నాడు. నాలిక చివరిదాకా వచ్చింది రెండో ప్రశ్న. మింగేశాను. ఆధార్ కాపీ ఇవ్వమన్నాను, అద్దె కాగితానికి కావాలి కదా. ఇచ్చాడు. పేరు చివర, ఇంటిపేరుండాల్సిన చోట, ఒట్టి 'కె' అనుంది.

అడ్వాన్సు తీసుకుని తాళాలిచ్చాను. ఆ రాత్రి పన్నెండయినా నిద్రపట్టలేదు. కె అంటే కొల్లి కావచ్చు, కొక్కిలిగడ్డ కావచ్చు, కాజ కావచ్చు, కోన కావచ్చు.