సేతాన్ రుచిపద్యం: టీకా తాత్పర్యం

ఆ.వె.
పిండి కడిగి కడిగి పిసుకగా మిగిలెడు
జిగురు బంతికెట్టి చిన్న రుచియు
లేదు కాని కారమాదిలోఁ గలిపినఁ
దగులు, పిదపఁ బూయఁ దగులఁబోదు

ప్రతిపదార్థం: పిండి = గోధుమపిండి ముద్దను; కడిగి కడిగి = నీళ్లలో తెల్లదనం పోయేదాకా కడిగి; పిసుకగా మిగిలెడు = పిసికితే చివరికి మిగిలే; జిగురు బంతికి = గ్లూటెన్ ముద్దకు, అనగా సేతాన్‌కు; ఎట్టి చిన్న రుచియు లేదు = ఏ కాస్త రుచీ లేదు (కవి మొహమాటపడలేదు); కాని = అయినా; కారము = కారం మొదలైనవి; ఆదిలోఁ గలిపినఁ = మొదట్లోనే కలిపితే; తగులు = నాలుకకు తెలుస్తాయి; పిదపఁ బూయఁ = ఉడికాక పైన రాస్తే; తగులఁబోదు = తెలియవు.

తాత్పర్యం: సేతాన్ పుట్టు చప్పిడిది. దాని రుచి ముందుగా కలిపినవారి చేతి చలవ. తర్వాత ఎంత పచ్చడిలో ముంచినా ముద్ద ముద్దే, పచ్చడి పచ్చడే.

విశేషాలు:

మిగిలెడు: గోధుమపాల హల్వాకు మనం పాలు ఉంచుకుని పిప్పి పారేస్తాం. చైనా బౌద్ధుల వంటలో ఆ జిగురే మాంసానికి బదులు. దాని పేరు మియన్‌జిన్, అంటే పిండి నరం. సేతాన్ అన్న మాట జపాన్ దేశస్థుడు జార్జ్ ఒహ్సావా 1960ల మొదట్లో పెట్టింది.

కారము: ఉపలక్షణం. ఉప్పు, వెల్లుల్లి పొడి, మిరియాలు, ఎండు పుట్టగొడుగుల పొడి, ధనియాలు, అన్నీ ఇందులోవే.

ఆదిలో: ఇక్కడే వివాదం. కడగకముందే పిండిలో కలపాలని పూర్వపక్షం. అలా చేస్తే మసాలా అంతా గంజినీళ్లతో పోతుంది. ఈ టీకాకారుడు ఒకసారి సింకుకు చక్కగా తాలింపు పెట్టాడు. కడిగాక, ఉడక్కముందు అన్నది సిద్ధాంతం. కొన్న గ్లూటెన్ పొడికైతే నీళ్లు పోయకముందే కలపాలి. నీళ్లు తగిలిన మరుక్షణం జిగురు అల్లుకుపోతుంది, ఆపైన వేసిన పొడి ఒకచోటే ఉండకడుతుంది.

పూయ: నిషేధం పూతకే, ఉడకబెట్టడానికి కాదు. సోయాసాస్, అల్లం, కొంబు అనే సముద్రపు నాచు వేసిన నీళ్లలో గంటసేపు సన్నసెగన ఉడికించి, ఆ రసంలోనే చల్లారనివ్వాలి. తెర్లిందా, స్పాంజి.

తగులు: శ్లేష. సీలియాక్ జబ్బున్నవారికి ఇది మరోలా తగులుతుంది; వారికి పద్యం మొత్తం వర్జ్యం.

తగులు, తగులఁబోదు: పునరుక్తి దోషం కాదు. కవి రెండు రకాలూ తిన్నాడని సాక్ష్యం.